కుండలీకరణాలు మారితే రహస్యం ఏమవుతుంది?

పాఠకుల ప్రశ్నలు: గణితం

ప్రశ్న: నేను ఎం.ఎస్సీ. గణితం చదువుతున్నాను. సహచర ధర్మం లేని బీజగణితాల గురించి ఈ సెమిస్టరులోనే మొదటిసారి విన్నాను. కుండలీకరణాలు ఎక్కడ పెట్టామన్నదాన్ని బట్టి జవాబు మారిపోయే గుణకారంతో సంకేతం తయారుచేస్తే, దాన్ని ఛేదించడం మరింత కష్టం కావాలి కదా. మరి వాడుకలో ఉన్న గూఢలిపి పద్ధతులు సహచర ధర్మాన్నే ఎందుకు పట్టుకుని వేలాడుతున్నాయి? – ఒక విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: శత్రువుకు కష్టంగా ఉంటే చాలదు, మిత్రుడికి సులభంగానూ ఉండాలి. 1976లో విట్‌ఫీల్డ్ డిఫీ, మార్టిన్ హెల్‌మన్ ప్రకటించిన పద్ధతిలో ఇద్దరు వ్యక్తులు అందరికీ తెలిసిన ఒక మూలకాన్ని తీసుకుని, ఎవరి రహస్య సంఖ్య ఎంతో అన్నిసార్లు దాన్ని దానితోనే గుణించి, వచ్చిన ఫలితాలను బహిరంగంగా ఇచ్చిపుచ్చుకుంటారు. అవతలివారి నుంచి అందినదాన్ని మళ్ళీ తమ రహస్య సంఖ్య అన్నిసార్లు గుణించినప్పుడు ఇద్దరికీ ఒకే విలువ వస్తుంది. అదే వారి ఉమ్మడి తాళంచెవి. ఆ విలువ ఒకటే అవుతుందన్న హామీ ఇచ్చేది సహచర ధర్మమే. అది లేకపోతే 'ఐదుసార్లు గుణించు' అన్న మాటకే ఒక అర్థం ఉండదు. ఐదింటి గుణకారానికి కుండలీకరణాలు పెట్టే విధానాలు 14 ఉన్నాయి, పదింటికి 4,862. పైగా రహస్య సంఖ్య 256 బిట్లదైతే అన్నిసార్లు విడివిడిగా గుణించడం ఏ యంత్రానికీ సాధ్యం కాదు; వర్గం, దాని వర్గం, మళ్ళీ దాని వర్గం అంటూ కొన్ని వందల మెట్లలో ముగించే అడ్డదారి కూడా ఆ ధర్మం పుణ్యమే.

అయినా మీ ప్రశ్నలో ఒక నిజం దాగి ఉంది. 1985లో నీల్ కోబ్లిట్జ్, విక్టర్ మిల్లర్ ఎవరికి వారుగా ప్రతిపాదించిన ఎలిప్టిక్ వక్రాల పద్ధతికి పునాది అయిన జ్యామితి, మొదట చేతికి వచ్చేటప్పుడు సహచర ధర్మం లేకుండానే వస్తుంది. వై² = ఎక్స్³ + 17 అనే వక్రం మీద క (−2, 3), గ (−1, 4), చ (4, 9) అనే మూడు బిందువులు ఒకే సరళరేఖ మీద ఉన్నాయి. రెండు బిందువుల గుండా గీసిన రేఖ వక్రాన్ని ఖండించే మూడో బిందువును వాటి లబ్ధం అనుకుందాం. రెండూ ఒకే బిందువైతే అక్కడి స్పర్శరేఖను తీసుకుందాం. అప్పుడు క, గ ల లబ్ధం చ. దాన్ని తిరిగి చ తో గుణించాలంటే చ దగ్గర స్పర్శరేఖ గీయాలి. అది వక్రాన్ని (−8/9, −109/27) దగ్గర ఖండిస్తుంది. కుండలీకరణాలు జరిపి ముందుగా గ, చ లను గుణిస్తే వచ్చేది క; క దగ్గరి స్పర్శరేఖ పోయి (8, 23) దగ్గర ఖండిస్తుంది. అవే మూడు బిందువులు, అదే వరుస, జవాబులు మాత్రం రెండు.

దీనికి చేసే మరమ్మతు చాలా చిన్నది. మూడో బిందువు దొరకగానే దాని వై నిరూపకం గుర్తు మార్చి, ఆ ప్రతిబింబాన్ని రెండు బిందువుల 'మొత్తం'గా తీసుకుంటారు. ఇప్పుడు క, గ ల మొత్తం (4, −9). దాన్ని చ తో కలిపే రేఖ నిట్టనిలువుగా ఉంటుంది కాబట్టి మూడో బిందువు అనంతంలో ఉంటుంది, ఈ కూడికలో సున్న అదే. రెండో క్రమంలో గ, చ ల మొత్తం (−2, −3). దాన్ని క తో కలిపినా రేఖ నిలువే, జవాబు సున్నే. ఏ మూడు బిందువులు తీసుకున్నా ఇలాగే పొసగుతుందని నిరూపించడం మాత్రం ఈ విషయంలో అన్నిటికన్నా చెమట పట్టించే మెట్టు. అభ్యాసం కోసం మీరు ఒక్కసారైనా కాగితం మీద ప్రయత్నించి చూడవలసిందే.

ఇక సహచర ధర్మం లేనివాటిలో అందరికీ తెలిసిన ఆక్టోనియన్లను, అంటే ఎనిమిది అంశాలుండే సంఖ్యలను, డిఫీ–హెల్‌మన్ పద్ధతిలో వాడితే ఏమవుతుందో చూద్దాం. ఏ రెండు ఆక్టోనియన్లు పుట్టించే ఉపబీజగణితంలోనైనా సహచర ధర్మం నిలుస్తుందని ఎమిల్ ఆర్టిన్ పేరుతో ఉన్న సిద్ధాంతం చెబుతుంది కాబట్టి, ఒకే ఆక్టోనియన్ ఘాతాల విషయంలో ఇబ్బందేమీ రాదు. చిక్కు వేరే చోట ఉంది. ప్రతి ఆక్టోనియన్ ఒక వర్గ సమీకరణానికి మూలం; అందువల్ల దాని ఘాతాలన్నిటినీ అదే సంఖ్య, 1 అనే రెండింటి కలయికలుగా రాయవచ్చు. పరిమిత క్షేత్రం (పరిమిత సంఖ్యలో ఉన్న మూలకాల మధ్యే కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం జరిగే వ్యవస్థ) మీద ఇలాంటి పద్ధతిని ఛేదించడమంటే, ఆ క్షేత్రంలోనో దాని వర్గ విస్తరణలోనో ఘాతాన్ని చూసి రహస్య సంఖ్యను కనిపెట్టడమనే, ఎన్నాళ్ళుగానో తెలిసిన సమస్యను సాధించడమే. పైకి ఎనిమిది అంశాలు కనిపిస్తున్నా పని చేసేవి రెండే. మీరు ఆశించిన అదనపు భద్రత ఇక్కడ ఆవగింజంత కూడా దొరకదు.

లాటిన్ చతురస్రాల (ప్రతి అడ్డవరుసలోనూ, ప్రతి నిలువువరుసలోనూ ప్రతి గుర్తూ ఒక్కసారే వచ్చే పట్టికల) మీద నడిచే క్వాసీగ్రూపుల, అంటే అలాంటి పట్టికే గుణకార పట్టికగా ఉండే వ్యవస్థల, సంగతి కాస్త మెరుగు. పరిపూర్ణ గోప్యతకూ లాటిన్ చతురస్రాలకూ ఉన్న సంబంధాన్ని క్లాడ్ షానన్ 1949లోనే చూపించాడు. క్వాసీగ్రూపులతో నిర్మించిన ఎడాన్80 అనే పద్ధతి యూరప్‌లో జరిగిన ఈస్ట్రీమ్ అనే గూఢలిపి పద్ధతుల పోటీలో మూడో దశ దాకా వచ్చి తుది జాబితాలో చోటు పొందలేకపోయింది. ఎడాన్‌–ఆర్ అనే హాష్ ప్రమేయం (ఎంత పొడవైన సందేశాన్నయినా ఒక చిన్న ముద్రగా కుదించేది), కొత్త హాష్ ప్రమాణం కోసం జరిగిన షా–3 పోటీలో మొదటి దశ దాటలేదు. ఉమ్మడి తాళంచెవి ముందే ఉన్నప్పుడు సందేశాన్ని కలగాపులగం చేయడానికి సహచర ధర్మం అక్కరలేదు గనుక, నా అభిప్రాయంలో ఇలాంటి నిర్మాణాలకు భవిష్యత్తు ఏమైనా ఉంటే ఆ వైపే.

ప్రశ్న: సంఖ్యావాదంలో ఈ బీజగణితాలకు నిజమైన పని ఏదైనా ఉందా, లేక ఇవి వట్టి విచిత్ర వస్తువులేనా? – ఒక విశ్రాంత అధ్యాపకుడు, గుంటూరు

జవాబు: ఉంది. ఆ దారి మన బ్రహ్మగుప్తుడి దగ్గరే మొదలవుతుంది. రెండేసి వర్గాల మొత్తాలను గుణిస్తే మళ్ళీ రెండు వర్గాల మొత్తమే వస్తుందన్న సూత్రం, ఆయన 628లో రాసిన బ్రాహ్మస్ఫుటసిద్ధాంతంలో ఇంకా విస్తృత రూపంలో ఉంది. 5 అంటే 1² + 2², 13 అంటే 2² + 3². వాటి లబ్ధం 65 అంటే 4² + 7². నాలుగేసి వర్గాలకు ఇలాంటి సూత్రాన్ని 1748లో ఆయిలర్, ఎనిమిదేసి వర్గాలకు 1818లో డేగన్ ఇచ్చారు. ఈ సూత్రాల వెనుక ఉన్న సంఖ్యలు తరవాత బయటపడ్డాయి. 1843 అక్టోబరులో డబ్లిన్‌లో హామిల్టన్ నాలుగు అంశాలుండే క్వాటర్నియన్లను కనుగొంటే, అదే డిసెంబరులో ఆయన మిత్రుడు జాన్ గ్రేవ్స్ ఆక్టోనియన్లను కనుగొన్నాడు. అచ్చులో ముందు వచ్చింది మాత్రం 1845లో కేలీ రచన. నాలుగు దగ్గర స్థిత్యంతర ధర్మం (వరుస మార్చినా లబ్ధం మారని గుణం) పోతుంది, ఎనిమిది దగ్గర సహచర ధర్మం పోతుంది. పదహారు దగ్గర అసలు సూత్రమే నిలవదు. ఇలాంటి సూత్రం 1, 2, 4, 8 వర్గాలకు తప్ప మరి దేనికీ కుదరదని 1898లో హుర్విట్జ్ నిరూపించాడు.

ఆక్టోనియన్లలో పూర్ణాంకాలు అనదగినవి ఏవో తేల్చడం అనుకున్నంత తేలిక కాదు. 1946లో కాక్సెటర్ వివరించిన పూర్ణ ఆక్టోనియన్లలో, ఎనిమిది అంశాల వర్గాల మొత్తం 1 అయ్యేవి 240 ఉన్నాయి. ఆ మొత్తం 2 అయ్యేవి 2,160, 3 అయ్యేవి 6,720. ఏ సంఖ్యకైనా దాని భాజకాల ఘనాలను కూడి 240తో హెచ్చిస్తే ఈ లెక్క వస్తుంది: 2కు (1 + 8) × 240, 3కు (1 + 27) × 240. రామానుజన్ 1916 నాటి పత్రంలో క్యూ అనే అక్షరంతో సూచించిన శ్రేణిలోని గుణకాలు సరిగ్గా ఇవే. ఎనిమిది పరిమాణాల్లో గోళాలను అతి దట్టంగా పేర్చే అమరిక ఈ పూర్ణ ఆక్టోనియన్లదేనని 2016లో మరీనా వియాజోవ్‌స్కా నిరూపించింది.

మరో ఉదాహరణ యూరీ మానిన్ పరిశోధన. పై జవాబులో వక్రం మీద గీసిన రేఖలనే ఘన తలాల మీద గీసి, బిందువులను తగిన తరగతులుగా విడదీస్తే, సహచర ధర్మం పూర్తిగా ఉండే సమూహానికి (గ్రూప్‌కు) బదులు, ఆ ధర్మం కొంతమేరకే నిలిచే మూఫాంగ్ లూప్ వస్తుందని ఆయన చూపించాడు.

ప్రశ్న: క్వాంటమ్ కంప్యూటర్ల నుంచి కాపాడుకోవడానికి సహచర ధర్మం లేని గణితం పనికొస్తుందా? – ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: ప్రస్తుతానికి ఆ పని వేరేవి చేస్తున్నాయి. 1994 నాటి పీటర్ షోర్ క్వాంటమ్ పద్ధతి ప్రధానంగా దెబ్బతీసేది కారణాంక విభజననూ, స్థిత్యంతర సమూహాల్లో ఘాతం నుంచి రహస్య సంఖ్యను వెనక్కి రాబట్టే సమస్యనూ. 2024 ఆగస్టులో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ విడుదల చేసిన మూడు ప్రమాణాల్లో రెండు లాటిస్‌ల (అనేక పరిమాణాల్లో క్రమంగా పరుచుకున్న బిందువుల అమరికల) మీద, ఒకటి హాష్ ప్రమేయాల మీద ఆధారపడ్డాయి. తాళంచెవి మార్పిడికి ఎంచుకున్న ఎంఎల్–కెమ్‌లో 256 గుణకాలుండే బహుపదులను గుణిస్తారు, గుణకాలను 3329తో భాగించగా వచ్చే శేషాలుగా ఉంచుతారు; ఆ గుణకారానికి సహచర, స్థిత్యంతర ధర్మాలు రెండూ ఉన్నాయి. ఈ ప్రమాణాల కోసం నిస్ట్ నడిపిన పోటీలో నాలుగో దశకు చేరిన సైక్ అనే పద్ధతి ఎంతో లోతైన గణితం మీద నిలబడినా, 2022లో దాని ఒక రూపాన్ని మామూలు కంప్యూటరు గంట సేపట్లో ఛేదించింది. అందుకే ఇప్పుడు క్రోమ్ వంటి బ్రౌజర్లు ఎంఎల్–కెమ్‌నూ పాత ఎలిప్టిక్ వక్రాన్నీ జతగా నడుపుతున్నాయి. ఒకటి ఓడినా రెండోది నిలిచి ఉంటుందన్నది ఆ ఏర్పాటు ఉద్దేశం.