తరగతికి వద్దన్నవారే వంటకు పిలిస్తే

ప్రశ్న: మా అల్లుడుగారు ఉద్యోగరీత్యా కెనడాలోని ఒక చిన్న పట్టణంలో ఉంటున్నారు. కొత్తగా వచ్చినవారికి అక్కడొక సంఘం సాయపడుతుందని తెలిసి, మా అమ్మాయి ఇంగ్లీషు తరగతిలో చేరబోతే, తాత్కాలిక అనుమతి మీద ఉన్నవారికి కుదరదన్నారట. నెల తిరగకముందే అదే సంఘంవారు బహుళ సంస్కృతుల ఉత్సవానికి వంట చేసి తెమ్మని, పట్టుచీర కట్టుకుని రమ్మని పిలిచారు. మనసు నొచ్చుకుని ఇక ఆ గడప తొక్కనంటోంది. ఇది వివక్ష కాదా?
– ఒక తల్లి

జవాబు: మీ అమ్మాయి నొచ్చుకోవడం సహజమే. అయితే తరగతికి సంబంధించిన నియమం ఆ సంఘం పెట్టినది కాకపోవచ్చు. ‘లింక్’ పేరుతో అక్కడ నడిచే ఉచిత ఇంగ్లీషు తరగతులకు నిధులిచ్చేది ఫెడరల్ (కేంద్ర) ప్రభుత్వం. అవి ప్రధానంగా శాశ్వత నివాసులకు, శరణార్థులుగా రక్షణ పొందినవారికి ఉద్దేశించినవి కాబట్టి, వర్క్ పర్మిట్ మీద ఉన్న కుటుంబాన్ని ఆ నిధులతో చేర్చుకునే వీలు ఉండదు. బ్రిటిష్ కొలంబియా వంటి ప్రావిన్సులు (మన రాష్ట్రాల వంటివి) సొంత నిధులతో తాత్కాలిక నివాసులకూ కొన్ని సేవలు అందిస్తున్నాయి. అందువల్ల ‘నాకు అర్హత ఉందా’ అని కాక, ‘ప్రావిన్సు నిధులతోగాని, స్వచ్ఛంద సేవకులతోగాని నడిచేవి ఏమున్నాయి’ అని అడగడం మేలు.

ఇందులో ఒక విడ్డూరం ఉంది. యువత నగరాలకు తరలిపోయి పనివారు దొరకని చిన్న పట్టణాలకు వలసదారులను రప్పించడానికి కెనడా 2019లో 11 ప్రాంతాలతో ఒక ప్రయోగాత్మక పథకం మొదలుపెట్టింది. 2025లో అదే తరహా పథకాన్ని 14 ప్రాంతాలలో ప్రారంభించింది. మనుషులు కావాలని పిలిచే చోట, వచ్చిన మనిషికి భాష నేర్పడానికి కాగితం అడ్డురావడం నాకైతే సబబుగా తోచదు.

ఇక ఉత్సవం సంగతి. బహుళ సంస్కృతుల విధానాన్ని కెనడా 1971లో ప్రకటించి, 1988లో చట్టంగా చేసింది. సంస్కృతిని కాపాడుకోవడంతోపాటు, సమాజ జీవితంలో అందరికీ సమాన భాగస్వామ్యం కల్పించడం కూడా ఆ చట్టం ఉద్దేశం. దానిని చీరలకూ చిరుతిళ్లకూ కుదించే సంఘాలు ఉన్నాయి. అవి తమ పనిలో సులువైన సగమే చేస్తున్నాయి. బస్సులు అరుదుగా తిరిగే ఊళ్లో, ఆసుపత్రికి తోడు వెళ్లడం, డ్రైవింగ్ లైసెన్సు పరీక్షకు సిద్ధం చేయడం, అద్దె ఒప్పందంలో ఏముందో చదివి చెప్పడం, చలికాలం నెలల తరబడి ఇంట్లోనే ఉండిపోయే వారిని నలుగురితో కలపడం – ఇవీ కొత్తవారికి అక్కరకొచ్చే పనులు. వీటికి నిధులకంటే ముందు ఆ ఊరి మనుషులు కావాలి.

కనుక గడప తొక్కనని పంతం పట్టవద్దని చెప్పండి. వారానికొకసారి మాట్లాడే అభ్యాసానికి స్థానిక మహిళ ఒకరిని జతచేయగలరా అని ఆ సంఘంవారిని మీ అమ్మాయినే అడగమనండి. అక్కడి గ్రంథాలయంలో సంభాషణ బృందం ఏదైనా ఉందేమో కనుక్కోమనండి. శాశ్వత నివాసానికి దరఖాస్తు పెట్టి ఉంటే, ప్రాథమిక ఆమోద లేఖ రాగానే తరగతి అర్హత గురించి మళ్లీ విచారించాలి. ఉత్సవానికి వెళ్లడమా మానడమా అన్నది పూర్తిగా ఆమె ఇష్టం. వెళ్లదలిస్తే మాత్రం, సరుకుల ఖర్చు ఎవరు భరిస్తారో ముందే తేల్చుకోవాలి.