సముద్రంలోకి దిగేముందు సిమ్‌కి తాళం వేయండి

శని, ఆదివారాలకు ఇంకో సెలవు కలిసిందంటే చాలు, హైదరాబాద్, విజయవాడల నుంచి ఫ్రెండ్స్ గ్యాంగులు విశాఖ రైలెక్కేస్తాయి. రుషికొండలో కయాకింగ్, స్కూబా, భీమిలి రోడ్డులో సైక్లింగ్, యారాడలో కెరటాలు. వాళ్లు ఇళ్లకు చేరాక నాకు ప్రశ్నలు మొదలవుతాయి. వాటిలో ఎక్కువగా వచ్చే మూడింటికి ఇవీ జవాబులు.

రుషికొండలో కయాక్ తిరగబడి ఫోన్ తడిసింది. అది నీళ్లను తట్టుకుంటుందనే ఐపీ68 రేటింగ్ ఉన్న ఫోన్. అన్నీ పనిచేస్తున్నాయి కానీ ఛార్జర్ పెడితే ‘తేమ ఉంది’ అని హెచ్చరిక వస్తోంది. బియ్యంలో పెట్టినా పోవట్లేదు.

ముందు బియ్యంలోంచి తీయండి. బియ్యం తేమను లాగేది అంతంతమాత్రమే, పైగా దాని పిండి పోర్ట్‌లోకి చేరుతుంది. మీ ఫోన్‌లో మిగిలింది నీళ్లు కాదు, ఉప్పు. నీరు ఆరిపోయినా ఉప్పు పిన్నులకు అంటుకుని ఉంటుంది, గాలిలోని తేమను మళ్లీ మళ్లీ లాక్కుంటుంది. హెచ్చరిక పోకపోవడానికి ఎక్కువసార్లు ఇదే కారణం. ఫోన్ ఆఫ్ చేసి, సిమ్ ట్రే గట్టిగా మూసి ఉందో లేదో చూసి, పోర్ట్‌ని మంచినీళ్లతో మెల్లగా కడగండి. పోర్ట్ కిందకి ఉండేలా పట్టుకుని అరచేతిలో తట్టి, గాలి తగిలే చోట పూర్తిగా ఆరనివ్వండి. హెయిర్ డ్రయ్యర్ వద్దు. అద్దం పగిలిన ఫోన్‌కి, ఒకసారి విప్పి రిపేర్ చేసిన ఫోన్‌కి ఈ కడగడం కూడా వద్దు, నేరుగా సర్వీస్ సెంటర్‌కి ఇవ్వండి.

కొన్ని ఫోన్లలో ఆ హెచ్చరిక పక్కనే ‘అయినా ఛార్జ్ చేయి’ అనే బటన్ ఉంటుంది. దాన్ని ముట్టుకోకండి. ఉప్పు తడి మీద కరెంటు పారితే పిన్నులు తుప్పు పడతాయి. ప్రమాదమని చెప్పి, ఆ పక్కనే దాన్ని దాటే దారి చూపించే డిజైన్ నాకు ససేమిరా నచ్చదు. ఇంకా పెద్ద తప్పు ప్రకటనలది. ఐపీ68 పరీక్ష జరిగేది ల్యాబ్‌లో, కదలని మంచినీళ్లలో. చాలా ఫోన్లకు అది ఒకటిన్నర మీటర్ల లోతులో 30 నిమిషాలు. ఉప్పునీళ్లకు, కెరటం దెబ్బకు అక్కడ చోటే లేదు. అయినా ప్రకటనల్లో ఫోన్‌ని నీళ్లలో ముంచి చూపిస్తారు. నీటితో పాడైతే వారంటీ వర్తించదన్న మాట మాత్రం చిన్న అక్షరాల్లో ఉంటుంది. కొనేవాళ్లకు ఆ రెండూ ఒకే సైజులో కనిపించాలి.

నా స్మార్ట్‌వాచ్‌కి నీటిని తట్టుకునే రేటింగ్ 5 ఏటీఎం, అంటే 50 మీటర్లు. స్కూబాలో మేం 10 మీటర్లు కూడా దిగం. పెట్టుకోవచ్చా?

వద్దు. 50 మీటర్లంటే ఆ లోతు నీటికి సమానమైన ఒత్తిడిని కదలకుండా తట్టుకుందని అర్థం, ఆ లోతుకు వెళ్లొచ్చని కాదు. ఈతకు సరే. జెట్ స్కీ మీంచి పడినప్పుడు తగిలే నీటి దెబ్బ వేరు. సబ్బు, సన్‌స్క్రీన్, వేడి నీటి ఆవిరితో సీళ్లు కాలక్రమంలో బలహీనపడతాయి కూడా. డైవింగ్‌కి అని కంపెనీ ప్రత్యేకంగా రాసిన వాచ్ కాకపోతే ఒడ్డునే ఉంచండి.

నలుగురి ఫోన్లూ ఒకే బ్యాగులో పెట్టి నీళ్లలోకి దిగాం. వచ్చేసరికి బ్యాగు లేదు. ఫోన్లు మ్యాప్‌లో కనిపించట్లేదు. ట్రాక్ చేసే మంచి యాప్ చెప్పండి.

అలాంటి యాప్ లేదు. నంబర్ కొడితే ఫోన్ ఎక్కడుందో చూపిస్తామనే యాప్‌లు మీకు రెండో నష్టం తెస్తాయి. నాకు టెన్షన్ పుట్టించింది మీ ఉత్తరంలో చివర రాసిన వాక్యం: డెబిట్ కార్డులు ఫోన్ వెనక కవర్లలో, లాడ్జి కోసం తెచ్చిన ఆధార్ జిరాక్స్‌లు అదే బ్యాగులో.

ఫోన్ లాక్ ఉందిగా అని ధైర్యంగా ఉండకండి. దొంగకు ఫోన్ తెరవాల్సిన పనే లేదు. సిమ్ తీసి ఇంకో ఫోన్‌లో వేసుకుంటే మీ ఓటీపీలన్నీ అతనికే వస్తాయి. యూపీఐ పిన్ మార్చడానికి అడిగే వివరాలు కార్డు మీద, ఆధార్ మీద అచ్చై ఉన్నాయి. కొన్ని బ్యాంకులు ఏటీఎం పిన్ కూడా అడుగుతాయి, అన్నీ అడగవు. సిమ్, కార్డు, ఆధార్ ఒకేచోట పోవడం కంటే ఫోన్ పోవడం చాలా చిన్న విషయం.

దీనికి అడ్డుకట్ట సిమ్ పిన్. అది పెడితే సిమ్‌ని వేరే ఫోన్‌లో వేసినా పిన్ కొట్టనిదే పనిచేయదు. మూడుసార్లు తప్పు కొడితే పీయూకే, అంటే ఆపరేటర్ ఇచ్చే అన్‌లాక్ కోడ్, అడుగుతుంది. అందుకే ముందు మీ ఆపరేటర్‌ని అడిగి డిఫాల్ట్ పిన్ తెలుసుకోండి, ఊహించి కొట్టకండి. ఇంత ముఖ్యమైన తాళాన్ని సెట్టింగ్స్‌లో నాలుగైదు మెనూల అడుగున పాతిపెట్టడం బాధ్యతలేని పని. కొత్త వాల్‌పేపర్లు, ఎమోజీలు తెచ్చే అప్‌డేట్లు ఎన్నో వచ్చాయి. ‘సిమ్‌కి లాక్ పెట్టుకుంటారా’ అని కొత్త ఫోన్ మొదటిరోజే అడిగే అప్‌డేట్ మాత్రం నేను చూడలేదు. చాలా ఫోన్లలో లాక్ తెరవకుండానే స్విచ్ఛాఫ్ చేసేయొచ్చు. లాక్ స్క్రీన్ మీద ఓటీపీ బారెడు అక్షరాల్లో కనిపిస్తుంది. ఇవన్నీ దొంగ పనిని తేలిక చేసే డిజైన్లే.

వాడేవాళ్ల తప్పూ ఉంది. ఫొటోలు తీయడానికని గ్యాంగులో అందరికీ లాక్ కోడ్ చెప్పేస్తారు. కెమెరా లాక్ స్క్రీన్ నుంచే తెరుచుకుంటుంది, కోడ్ అక్కర్లేదు. ట్రిప్ డబ్బంతా ఒకే ఫోన్ యూపీఐలో ఉంచడమూ మానండి. గదికి ఇచ్చేందుకు ఆధార్ నంబర్‌లో చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ కాపీని ఆధార్ సంస్థ ఉడాయ్ వెబ్‌సైట్‌లో డౌన్‌లోడ్ చేసుకోవచ్చు.

మీ నలుగురూ వెంటనే చేయాల్సింది ఇది. ఎవరి ఫోనైనా తీసుకుని ముందు ఆపరేటర్‌కి చెప్పి సిమ్‌లు బ్లాక్ చేయించండి. తర్వాత బ్యాంకులకు ఫోన్ చేసి కార్డులు, యూపీఐ ఆపించండి, ఫిర్యాదు నంబర్, సమయం రాసుకోండి. రిజర్వ్ బ్యాంక్ నిబంధనల ప్రకారం మీరు చెప్పిన తర్వాత జరిగే నష్టం బ్యాంకుదే. డబ్బు పోయి ఉంటే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పండి. పోలీసు ఫిర్యాదు కాపీ, కొత్త సిమ్ చేతికొచ్చాక ప్రభుత్వ పోర్టల్ సంచార్ సాథీలో, పోయిన ఫోన్లను ఆపే సీఈఐఆర్ విభాగంలో ఐఎంఈఐని, అంటే ఫోన్ గుర్తింపు నంబర్‌ని, బ్లాక్ చేయొచ్చు. ఆ నంబర్ ఫోన్ బాక్సు మీద, బిల్లు మీద ఉంటుంది.