ఉప్పెన కంటే ముందు తలుపు గడియ చూపించు

చిరంజీవి అబ్బాయికి,

కావలి నుంచి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన స్క్రిప్టు రెండుసార్లు చదివాను. 1989 నవంబరు తుఫాను మీద షార్ట్ ఫిల్మ్ తీస్తానన్నావు, చాలా సంతోషం. 'గే' అని పేరుపెట్టిన ఆ తుఫాను మన కావలి దగ్గరే తీరం దాటింది. ఆ కథ మన ఊరివాడే చెప్పాలి. అయితే నువ్వు రాసిన ఇరవై పేజీల్లో తొమ్మిది పేజీలు అల లేవడం, కొబ్బరిచెట్లు విరగడం, పడవలు గాల్లోకి ఎగరడమే. హైదరాబాదులో గ్రాఫిక్స్ నేర్చుకున్నవాడివి, చేతిలో విద్య ఉన్నప్పుడు చూపించాలని ఉండటం సహజమే. కానీ నాయనా, ఆ తొమ్మిది పేజీల్లో ఒక్క మనిషి పేరు కూడా లేదు. అందుకే ఈ ఉత్తరం.

ముప్పై ఏళ్లు సినిమా హాలు క్యాబిన్‌లో ఆపరేటరుగా పనిచేశాను. ప్రొజెక్టరుకు వెలుగునిచ్చే కార్బన్ కడ్డీలను అరిగేకొద్దీ దగ్గరికి జరుపుకుంటూ, ఇరవై నిమిషాలకొకసారి రీలు మార్చుకుంటూ, మిగిలిన సమయంలో చిన్న కిటికీలోంచి జనాన్ని చూసేవాణ్ణి. తెర మీద ఏం వస్తుందో నాకు తెలుసు కాబట్టి కళ్లు కింద కూర్చున్నవాళ్ల మీదే ఉండేవి. మాయలు, మంటలు, కూలే కోటలు వచ్చినప్పుడు మొదటి రోజు ఈలలతో హాలు దద్దరిల్లేది. రెండో వారంలో అదే సీను వచ్చేసరికి నేల టికెట్టువాళ్లు బీడీ వెలిగించుకోవడానికి బయటికి వెళ్లేవారు. కొన్ని సీన్లకు మాత్రం నాలుగో వారంలో కూడా ఒక్కరు లేచేవారు కాదు. వాటిలోనూ మాయ ఉండేది. తేడా ఎక్కడుందో పట్టుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

1957లో వచ్చిన 'మాయాబజార్' తీసుకో. మార్కస్ బార్ట్లే కెమెరా పనితనం గురించి అందరూ చెబుతారు. నేను నీకు చెప్పేది ప్రియదర్శిని పెట్టె గురించి. ఎవరు మూత తీస్తే వాళ్ల మనసులో ఉన్నవాళ్లు అందులో కనిపిస్తారు. శశిరేఖకు అభిమన్యుడు కనిపిస్తాడు. కృష్ణుడు తెరిస్తే శకుని! సాంకేతికంగా చూస్తే అది పెట్టెలో మరో బొమ్మను కలపడం, అంతే. నీకు పది నిమిషాల పని. కానీ అక్కడ జనం బొమ్మ ఎలా వచ్చిందని ఆలోచించరు, పిల్ల గుట్టు బయటపడిందని నవ్వుకుంటారు. మనిషి నోటితో చెప్పుకోలేనిదాన్ని ఆ మాయ చెప్పేసింది. నీ తొమ్మిది పేజీల్లోని ఒక్కో షాట్‌నూ ఈ పెట్టె పక్కన పెట్టి చూడు. ఈ షాట్ ఎవరి గుట్టు విప్పుతోంది, ఎవరి భయాన్ని చూపిస్తోంది? జవాబు లేకపోతే ఆ షాట్ కొట్టెయ్.

పాత సినిమాలే గొప్పవి, కంప్యూటర్లు వచ్చి అంతా పాడుచేశాయి అనేవాళ్ల మాట నేను ఒప్పుకోను. 2012లో 'ఈగ' చూసి నేను చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాను. మాట్లాడలేని ఈగ కారు అద్దం మీద రాతతో పగవాణ్ణి బెదిరిస్తుంది. ఆ ఈగ ఎవరో మనకు ముందే తెలుసు, వాడి ప్రేమ తెలుసు, వాడెలా చచ్చిపోయాడో తెలుసు. అందుకే కంప్యూటర్లో పుట్టిన పురుగు కోసం హాలంతా ఊపిరి బిగబట్టింది.

ఇక అల సంగతి. 1975 నాటి 'జాస్' సినిమాకు తయారుచేసిన యంత్రపు సొరచేప సముద్రపు నీళ్లలో మాటిమాటికీ మొరాయించింది. దాంతో దర్శకుడు స్పీల్‌బర్గ్ చాలాసేపు దాన్ని చూపించకుండానే, దానికి కట్టిన, నీటి మీద తేలే పసుపు పీపాలతో, సంగీతంతో నడిపించాడు. ఆ చేప కనిపించనంతసేపే నాకు ఎక్కువ భయం వేసింది. నీ అలను కూడా అలాగే దాచు. సినిమా మొత్తం మీద రెండు షాట్లు చాలు. నలభై షాట్లకు పంచే సమయాన్ని ఆ రెండింటికే పెట్టు.

మరి మిగతా సమయంలో ఏం చూపించాలంటావా? ఆ రాత్రి నేను చూసింది చెబుతాను. మీ నాయనమ్మ తలుపుకు వీపు ఆనించి కూర్చుంది. గాలి విసురు వచ్చినప్పుడల్లా ఇనుప గడియ అర అంగుళం ముందుకు జరిగేది, మళ్లీ వెనక్కి వచ్చేది. లాంతరు వెలుగులో నేను ఆ అర అంగుళాన్నే చూస్తూ తెల్లవార్లూ కూర్చున్నాను. చూరు నుంచి కారిన నీటి చుక్క పెదవి మీద పడితే ఉప్పగా తగిలింది. సముద్రం మన ఇంటికి మైళ్ల దూరంలో ఉంది! ఆ ఉప్పు రుచి చూసి మీ నాయనమ్మ ఏమీ మాట్లాడలేదు, మీ నాన్నను దగ్గరికి లాక్కుంది. రెండు రోజుల తర్వాత చూస్తే పెరట్లో వేపచెట్టు ఆకులు నిప్పు తగిలినట్టు మాడిపోయి ఉన్నాయి. ఇందులో ఆకుల రంగు తప్ప దేనికీ గ్రాఫిక్స్ అక్కర్లేదు. ఆ రంగు మార్చడంలో నీ పనితనమంతా చూపించు. ఎవరూ గ్రాఫిక్స్ అని గుర్తుపట్టకపోతే నాకు ఫోను చెయ్, నేనే నీకు చప్పట్లు కొడతాను.

షూటింగ్ విషయంలో కొన్ని మాటలు. నటులను నిజమైన నీళ్లతో తడుపు. తడిసిన చీర బరువు, వణికే దవడ తర్వాత కంప్యూటర్లో కలిపితే రావు. లేని అల వైపు చూడమంటే నలుగురూ నాలుగు వైపులకు చూస్తారు కాబట్టి పొడవాటి కర్రకు ఎర్ర గుడ్డ కట్టి, అల ఎత్తు ఎంతో అంత ఎత్తున ఒకరిని పట్టుకోమను. వెలుతురు ఎటు నుంచి వస్తోందో ప్రతి షాట్‌కూ నోటుబుక్కులో రాసుకో. లాంతరు కుడివైపు ఉంటే నువ్వు కలిపే నీటి మీద మెరుపు కూడా అటే ఉండాలి. ఇది తప్పితే జనానికి కారణం తెలియదు గానీ, ఏదో అబద్ధమని తెలిసిపోతుంది.

పడవ తాడు తెగే సీను మాత్రం తీసేయకు. అది చాలా బాగుంది. కానీ ఆ పడవ ఎవరిదో, దాని మీద అప్పెంత ఉందో మొదటి రెండు పేజీల్లోనే చెప్పు.

వచ్చే ఆదివారం రా. తెల్లవారుజామున తుమ్మలపెంట తీరానికి తీసుకెళతాను. ఆ రాత్రి పడవ పోగొట్టుకున్న పెద్దాయన ఒకరు ఇంకా అక్కడ వలలు బాగుచేస్తూ కూర్చుంటారు. కెమెరా తేవద్దు, శబ్దం రికార్డు చేసే పరికరం తెచ్చుకో. ఆ పాత గడియ కూడా అటక మీద ఉంది, తుప్పు తుడవకుండా అలాగే దింపి ఉంచుతాను.

నీ పెదనాన్న