చీఫ్ కుర్చీని కదిపేది ఎవరు? లాస్ ఏంజెలెస్ పోలీసు శాఖపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: 1991లో రాడ్నీ కింగ్ అనే నల్లజాతి వ్యక్తిని పోలీసులు చితకబాదిన వీడియో బయటికొచ్చాక, మేయర్ టామ్ బ్రాడ్లీ దిగిపొమ్మన్నా పోలీసు చీఫ్ డారిల్ గేట్స్ ఏడాదికి పైగా పదవిలోనే ఉన్నాడట. మేయర్‌కు ఆ మాత్రం అధికారం లేదా?

లేదు. ఎందుకు లేదో తెలియాలంటే 1930లకు వెళ్లాలి. అప్పట్లో అక్కడి పోలీసులు రాజకీయ నాయకుల చెప్పుచేతల్లో ఉండేవారు. 1938 జనవరిలో, నగర పాలనలోని అవినీతిని తవ్వుతున్న హ్యారీ రేమండ్ అనే ప్రైవేటు డిటెక్టివ్ కారులో బాంబు పేలింది. ఆ కేసులో శిక్ష పడింది సాక్షాత్తూ పోలీసు నిఘా విభాగం కెప్టెన్ ఎర్ల్ కైనెట్‌కు. ఆ ఏడాదే ఓటర్లు మేయర్ ఫ్రాంక్ షాను పదవీకాలం మధ్యలోనే ఓటేసి (రీకాల్) ఇంటికి పంపారు.

నాయకుల పట్టు నుంచి పోలీసులను తప్పించాలంటూ ఆ దశాబ్దంలోనే నగరానికి రాజ్యాంగం లాంటి చార్టర్‌ను సవరిస్తూ వచ్చారు. ఉద్యోగాన్ని ఒక ఆస్తిహక్కులా చూసి, కారణం చూపి విచారణ జరిపితే తప్ప ఊడబెరకకూడదన్నారు. 1937లో ఈ రక్షణ చీఫ్‌కూ వచ్చింది. ఆ సవరణల రూపకల్పనలో చేయివేసినవారిలో లా చదివిన విలియం పార్కర్ అనే పోలీసు అధికారి ఒకరు. ఆయనే 1950లో చీఫ్ అయ్యాడు. 1965లో వాట్స్ ప్రాంతం అల్లర్లతో ఆరు రోజులు తగలబడి 34 మంది చనిపోయినా ఆయన కుర్చీ కదల్లేదు. 1966లో పదవిలో ఉండగానే కన్నుమూశాడు.

గేట్స్‌కు కలిసొచ్చిందీ ఆ కవచమే. మేయర్ నియమించే ఐదుగురు పౌరుల పోలీసు కమిషన్ 1991 ఏప్రిల్‌లో ఆయన్ను 60 రోజుల సెలవుపై పంపింది. మరుసటి రోజే నగర మండలి గేట్స్ పక్షాన నిలబడింది, కోర్టు ఉత్తర్వుతో ఆయన తిరిగొచ్చాడు. 1992 జూన్‌లో ఓటర్లు చార్టర్ సవరణ ‘ఎఫ్’ను ఆమోదించాక చీఫ్ పదవీకాలం ఐదేళ్లకు కుదిరింది, ఒక్కసారే పొడిగింపు. ఇది కాగితం మీద సవరణగా మిగిలిపోలేదు. తర్వాత వచ్చిన విల్లీ విలియమ్స్‌కు 1997లోనూ, బెర్నార్డ్ పార్క్స్‌కు 2002లోనూ రెండో విడత దక్కలేదు.

ప్రశ్న: కొట్టింది నలుగురు. నలుగురి తప్పుకు శాఖనంతా తిట్టడం న్యాయమా?

ఈ వాదన అప్పుడు చీఫ్ నోటా వినిపించింది. వారెన్ క్రిస్టఫర్ నాయకత్వంలోని స్వతంత్ర కమిషన్ 1991 జూలైలో దీనికి అంకెలతో జవాబిచ్చింది. 1986 నుంచి 1990 దాకా సుమారు 1,800 మంది అధికారుల మీద మితిమీరిన బలప్రయోగం లేదా తప్పుడు పద్ధతుల ఆరోపణలొచ్చాయి. వారిలో 1,400 మందికి పైగా ఒకటి రెండు ఆరోపణలవాళ్లే. కానీ 44 మంది మీద ఆరేసి, అంతకు మించి ఉన్నాయి. ఈ 44 మంది వార్షిక పనితీరు నివేదికలు తిరగేస్తే దాదాపు అన్నీ మెచ్చుకోళ్లే! ఫిర్యాదుల ఫైలు ఒకచోట, మార్కులు వేసే సూపర్‌వైజర్ ఇంకోచోట.

అదే కాలంలో మితిమీరిన బలప్రయోగంపై పౌరులు చేసిన ఆరోపణలు 2,152. రుజువైనట్టు శాఖ ఒప్పుకున్నవి 42. నలుగురి తప్పు అనే మాట ఈ రెండు అంకెల ముందు నిలబడదు.

ప్రశ్న: ఇప్పుడైనా తప్పు చేసిన పోలీసును చీఫ్ తనంతట తాను తీసేయగలడా?

తీసేయలేడు. ముగ్గురు సభ్యుల ‘బోర్డ్ ఆఫ్ రైట్స్’ విచారించి శిక్షను సిఫార్సు చేయాలి. దాన్ని చీఫ్ తగ్గించగలడు, పెంచలేడు. 1992 నుంచి ముగ్గురిలో ఒకరు పౌరుడు. 2017లో ఓటర్లు ముగ్గురూ పౌరులే ఉండే బోర్డుకూ దారి తెరిచారు. పౌరులైతే కఠినంగా ఉంటారని బయటివాళ్లం అనుకుంటాం. రికార్డులు చూస్తే పౌర సభ్యులే ఎక్కువ మెతక, అందుకే ఆ సవరణను గట్టిగా సమర్థించింది పోలీసు యూనియన్.

ప్రశ్న: మెడ నొక్కి పట్టుకునే పద్ధతి మీద సుప్రీంకోర్టుకు వెళ్లినా లాభం లేకపోయిందని చదివాను. ఎందుకు?

అడాల్ఫ్ లయన్స్ కేసు అది. 1976లో కారు వెనక లైటు వెలగడం లేదని ఆపారు, మెడ నొక్కారు, స్పృహ తప్పింది. ఈ పద్ధతినే ఆపించమని ఆయన కోర్టుకెక్కాడు. కేసు సుప్రీంకోర్టు చేరేసరికి 1975 తర్వాత ఇలా చనిపోయినవారు 16 మంది, అందులో 12 మంది నల్లజాతి పురుషులు. 1983లో 5–4 తీర్పు వచ్చింది: నష్టపరిహారం అడుగు, కానీ నీ మెడే మళ్లీ నొక్కుతారని చూపలేవు కాబట్టి నిషేధం అడిగే అర్హత నీకు లేదు.

అంటే దెబ్బ తిన్నవాడు డబ్బు తెచ్చుకోగలడు తప్ప పద్ధతిని మార్పించలేడు. ఆ ఖాళీని పూడ్చింది 1994 నాటి ఫెడరల్ నేర చట్టం. ఒక పోలీసు శాఖ అలవాటుగా హక్కులు కాలరాస్తుంటే కేంద్ర న్యాయశాఖే దావా వేయవచ్చంది.

ప్రశ్న: ర్యాంపార్ట్ పోలీసు డివిజన్ కుంభకోణంలో ఆ చట్టమే వాడారా?

అవును. 1998లో రఫాయెల్ పెరెజ్ అనే అధికారి సాక్ష్యాల గది నుంచి కొకైన్ కాజేసి దొరికాడు. శిక్ష తగ్గించుకోవడానికి ముఠాల నిరోధక విభాగం ‘క్రాష్’ గుట్టంతా విప్పాడు: దొంగ కేసులు, ‘దొరికాయని’ పెట్టిన తుపాకులు, అబద్ధపు సాక్ష్యాలు. 1996లో పెరెజ్, అతని జోడీ కాల్చడంతో నడుము కింద చచ్చుబడిన హవియర్ ఒవాండోకు, తమ మీదే దాడి చేశాడన్న కట్టుకథతో 23 ఏళ్ల జైలు వేయించారు. 1999లో ఆయన విడుదలయ్యాడు. నగరం 1.5 కోట్ల డాలర్లు చెల్లించింది. వందకు పైగా శిక్షలు రద్దయ్యాయి.

న్యాయశాఖ దావాకు సిద్ధపడటంతో 2001 జూన్‌లో కోర్టు పర్యవేక్షణలో సమ్మతి డిక్రీ, అంటే ఇరుపక్షాలూ ఒప్పుకున్న సంస్కరణల ఉత్తర్వు, అమల్లోకొచ్చింది. ఐదేళ్లనుకున్నది పొడిగించాల్సొచ్చి 2009 దాకా సాగింది. ఆలస్యానికి ఒక కారణం ‘టీమ్స్ 2’ కంప్యూటర్ వ్యవస్థ. ఒక్కో అధికారి మీద ఫిర్యాదులు, బలప్రయోగాలు, దావాలు అన్నీ ఒకేచోట చేర్చి, అవి తోటివారి కన్నా మించితే సూపర్‌వైజర్‌ను హెచ్చరిస్తుంది. 1991లో క్రిస్టఫర్ కమిషన్ ఎత్తిచూపిన లోటును పూడ్చేందుకే ఇది! ఇంకో పేచీ, ముఠాల విభాగంవాళ్లు ఆస్తుల వివరాలివ్వాలన్న షరతు. యూనియన్ కోర్టుకెక్కింది, కొందరు వివరాలివ్వడం కన్నా విభాగం మారిపోవడమే మేలనుకున్నారు.

ప్రశ్న: మా అబ్బాయి లాస్ ఏంజెలెస్‌లో ఉంటున్నాడు. పోలీసుల వల్ల అన్యాయం జరిగితే ఏం చేయాలండీ?

ముందు ఆ పోలీసు ఎవరి మనిషో చూడాలి. ఎల్.ఎ.పి.డి., అంటే మనం మాట్లాడుకుంటున్న లాస్ ఏంజెలెస్ పోలీసు శాఖ, నగరానిది. కౌంటీకి (మన జిల్లా లాంటిది) షెరీఫ్ శాఖ వేరు, ఆ షెరీఫ్‌ను ఓటర్లే ఎన్నుకుంటారు. బెవర్లీ హిల్స్, శాంటా మోనికాలకు సొంత పోలీసులున్నారు. అర్జీ తప్పు గుమ్మంలో పడితే గడువులోంచి రోజులు కరిగిపోతాయి. అందుకే అధికారి పేరు, సీరియల్ నంబరు, కారు నంబరు, స్థలం, సమయం అదే రోజు రాసిపెట్టుకోవాలి. గాయాలుంటే ఫొటోలు తీయించుకోవాలి.

ఫిర్యాదు వేరు, పరిహారం కోరడం వేరు. చాలామంది తడబడేది ఇక్కడే. ఫిర్యాదును ఏ పోలీసు స్టేషన్‌లోనైనా, ఫోన్‌లోనైనా, ఉత్తరం ద్వారానైనా, పేరు చెప్పకుండానైనా ఇవ్వొచ్చు. కాలిఫోర్నియా చట్టం ప్రకారం, తప్పు శాఖ దృష్టికి వచ్చిన ఏడాదిలోగా విచారణ ముగియకపోతే, కొన్ని మినహాయింపులు తప్ప, అధికారిని శిక్షించలేరు. పరిహారం కావాలంటే మాత్రం ఘటన జరిగిన ఆరు నెలల్లోగా సిటీ క్లర్క్‌కు విడిగా క్లెయిమ్ పెట్టాలి. నగరానికి 45 రోజుల గడువు. కాదని లిఖితపూర్వకంగా చెబితే అప్పటి నుంచి ఆరు నెలల్లో దావా వేయాలి. ఫిర్యాదు ఫలితం కోసం ఎదురుచూస్తూ ఈ ఆరు నెలలు దాటబెట్టుకునేవాళ్లు ఎందరో. ఫెడరల్ పౌరహక్కుల దావాకు ఈ క్లెయిమ్ అక్కర్లేదు, అక్కడ రెండేళ్ల గడువు.

అబ్బాయి మీదే కేసు నడుస్తుంటే లాయర్‌తో మాట్లాడకుండా ఫిర్యాదులో వాంగ్మూలం ఇవ్వొద్దనండి. అందులోని ప్రతి మాటనూ ఆ కేసులో అతని మీదే వాడే వీలుంది.