పాత్ర స్వభావానికి సాక్ష్యం ఎక్కడ వెతకాలి?

ప్రశ్న: నేను డిగ్రీ విద్యార్థులకు తెలుగు బోధిస్తున్నాను. ‘కన్యాశుల్కం’లో గిరీశం పాత్ర స్వభావం వ్రాయమంటే, గైడులో ఉన్న ‘మాటకారి, మోసగాడు, అవకాశవాది’ అన్న విశేషణాలనే అందరూ దించేస్తున్నారు. ఆధారం చూపమంటే కథ మొత్తం చెప్పుకొస్తున్నారు. మూలాన్ని పట్టుకొని వ్రాయడం వీరికి ఎలా నేర్పాలి?
– ఒక అధ్యాపకురాలు

జవాబు: ఆ విశేషణాలలో తప్పేమీ లేదు, నాటకం చదవకముందే అవి విద్యార్థుల చేతికి అందడమే చిక్కు. అందువల్ల మొదటి రోజు ఏ విశేషణమూ వాడకూడదని చెప్పి, ప్రథమాంకం మొదటి స్థలం (రంగం) మాత్రమే చదివించండి. సంతలో సామాన్లు కొనిపెడతానని పూటకూళ్ళమ్మ దగ్గర పట్టుకెళ్ళిన 20 రూపాయలను డాన్సింగర్ల (నాట్యకత్తెల) కింద ఖర్చుపెట్టిన సంగతి, విజయనగరం బొంకులదిబ్బ దగ్గర ఒంటరిగా ఉన్న గిరీశమే చెప్పుకుంటాడు. అక్కడ ఆపి, ఈ మాట ఎవరు వింటుండగా అన్నాడని అడగండి. వినేవారెవరూ లేనప్పుడు అతనికి బొంకవలసిన అవసరం లేదు గనుక, అది గట్టి సాక్ష్యమని పిల్లలే పట్టుకుంటారు.

ఆ వెంటనే వెంకటేశం వస్తాడు. మీవల్ల చుట్ట కాల్చడం తప్ప ఏమీ రాలేదని శిష్యుడు నిష్ఠూరమాడితే, తనతో మాట్లాడడమే ఒక ఎడ్యుకేషన్ అని గురువు దబాయిస్తాడు. గిరీశం పాండిత్యానికి ఈ మాట ఏ ఋజువూ కాదు. ఇరుకున పడినప్పుడు ఎదుటివాడి నోరు మూయించగల అతని నేర్పుకు మాత్రం మంచి ఋజువు. ఒకే పాత్ర నోటి నుండి వచ్చినా, ఒంటరిగా అన్న మాటనూ ఇతరుల ముందు అన్న మాటనూ ఒకే తూకం వేయరాదన్నది ఇక్కడ తెలిసినంత స్పష్టంగా మరెక్కడా తెలియదని నా అభిప్రాయం.

సందర్భ సహిత వ్యాఖ్యలలో ఎవరు, ఎవరితో, ఎప్పుడు అన్నారో మన విద్యార్థులు ఎప్పటినుండో వ్రాస్తూనే ఉన్నారు. దానికి ‘కనుక ఈ పాత్ర గురించి ఏమి తెలుస్తున్నది?’ అన్న ఒక్క వాక్యం చేర్పిస్తే సగం పని అయినట్లే.

తరువాత అదే నాటకంలోని వేశ్య మధురవాణిని తీసుకోండి. ఆమెను ‘ఉదాత్తురాలు’ అని వ్రాసినవారిని, లుబ్ధావధాన్లు పెళ్ళికోసం ఎరువిచ్చిన తన కంటెను (మెడలో వేసుకునే నగను) తెచ్చి ఇమ్మని రామప్పపంతులును ఆమె పీడించిన ఘట్టం చదవమనండి. అది నగమీది ఆశా, లేక ఆ పెళ్ళికూతురు ఆడపిల్ల వేషంలోని కుర్రవాడని ముందే తెలిసి ఆడిన నటనా? ఏ పక్షం పట్టినా సరే, తనకు అనుకూలించని సంభాషణను కూడా ప్రస్తావించి సమాధానం చెప్పిన విద్యార్థికే ఎక్కువ మార్కులు వేయండి.

ఒక చిన్న జాగ్రత్త: 1897 నాటి ప్రతికీ, గురజాడ విస్తృతంగా మార్చి 1909లో వెలువరించిన ప్రతికీ చాలా తేడా ఉంది. నేడు చదివేది ఎక్కువగా రెండవదే అయినా, ముద్రణను బట్టి పుటలు మారుతాయి కాబట్టి పుట సంఖ్యకు బదులు అంకమూ స్థలమూ వ్రాయించండి.