ఎంబీఏ పిల్లలతో నాటకం వేయిస్తే సాఫ్ట్ స్కిల్స్ వస్తాయా?

విజయనగరంలో ఎంబీఏ పాఠాలు చెప్పే ఒకరి ప్రశ్న ఇది: నాటకంతో పిల్లల మాటతీరు నిజంగా మారుతుందా, లేక కాలేజీ డే సరదాతో సరిపోతుందా?

మారుతుంది, కానీ డైలాగులు బట్టీ పట్టిస్తే కాదు. 1892లోనే కన్యాశుల్కం ఆడిన ఊరు కదా, నాటకమంటే మనకు తెర, మేకప్పు, మైకు గుర్తొస్తాయి. అవేవీ అక్కర్లేదు. బ్రెజిల్ నాటకకర్త అగస్టో బోల్ తెచ్చిన ఫోరమ్ థియేటర్ చాలు. ఒక గొడవను పూర్తిగా చెడేదాకా ఆడతారు. మళ్లీ మొదలెట్టినప్పుడు చూసేవాళ్లలో ఎవరైనా "ఆపండి" అని లేచి, గొడవలో ఇరుక్కున్నవాడి పాత్రలోకి వెళ్లి వేరేలా ప్రయత్నించవచ్చు.

పలాస జీడిపప్పు వ్యాపారం తీసుకోండి. "గుండు అడిగితే సగం బద్దలే పంపారేంటి?" అని సరుకు కొన్నాయన ఫోన్‌లో అరుస్తున్నాడు. అమ్మినవాడి పాత్ర వేసిన మొదటి కుర్రాడు గబగబా ధరలు, గ్రేడ్లు ఏకరువు పెడతాడు. గొడవ ముదురుతుంది. తర్వాత లేచిన అమ్మాయి ఆయన్ని పూర్తిగా మాట్లాడనిచ్చి, "ఎన్ని డబ్బాలు విప్పి చూశారు సార్?" అని మాత్రమే అడిగిందనుకోండి, అవతలి గొంతు దానంతటదే దిగుతుంది. వినడమంటే ఏమిటో పది స్లైడ్ల కంటే ఇక్కడ బాగా తెలుస్తుంది.

అసలు పని ఆట అయ్యాకే. "ఏ మాట దగ్గర నీకు కోపం వచ్చింది?" అని కొన్నాయన పాత్ర వేసినవాణ్ణి అడగాలి. ఇది ఎగ్గొడితే మిగిలేది సరదాయే.

మార్కులు నటనకు వేయకండి, సిగ్గరి పిల్లలు ఇంకా ముడుచుకుపోతారు. వాళ్లకు ముందు ఫోన్‌లో గొంతు మాత్రమే వినిపించే పాత్ర ఇవ్వండి, టెన్షన్ తగ్గుతుంది. మన యాసలోనే మాట్లాడనివ్వండి. ఇంగ్లిష్ రెండో విడతలో చూసుకోవచ్చు.