ప్రింటర్ డబ్బా మీద ఇన్ని మాటలున్నాయి, ఏది చూసి కొనాలి?

ఇద్దరు పిల్లల స్కూలు పనికి, అప్పుడప్పుడు ఆన్‌లైన్ ఫారాలకి ప్రింటర్ కావాలన్నారు. డీపీఐ, పీపీఎమ్, డ్యూటీ సైకిల్, పేజ్ యీల్డ్, డ్యూప్లెక్స్... వీటిలో ఏది చూడాలని అడిగారు. హనుమకొండలో తొమ్మిదేళ్లుగా జిరాక్స్ షాపు నడుపుతున్నాను. నన్నడిగితే ముందు పేజ్ యీల్డ్ చూడండి.

ఒక ఇంకు కార్ట్రిడ్జో, టోనరో (లేజర్ ప్రింటర్‌లో ఇంకు బదులు వాడే పొడి), ఇంకు సీసానో అయిపోయేలోపు ఎన్ని పేజీలు వస్తాయో అదే పేజ్ యీల్డ్. షాపు పెట్టకముందు ఇంటికి చవగ్గా వచ్చిందని ఒక ఇంక్‌జెట్ తెచ్చాను. నల్ల కార్ట్రిడ్జ్ 850 రూపాయలు, యీల్డ్ 170 పేజీలు. కాగితం ఖర్చు కాకుండానే పేజీకి 5 రూపాయలు పడింది. పైగా నెల రోజులు వాడకపోతే ఎండాకాలంలో ఇంకు గడ్డకట్టి గీతలు గీతలుగా వచ్చేది. కొనేముందు ఈ ఒక్క భాగహారం చేసుకుని ఉంటే ఆ డబ్బులు మిగిలేవి.

ఇంకో సంగతి. షాపుకి కొన్న లేజర్ బ్రోచర్‌లో టోనర్ 1500 పేజీలని రాసి ఉంది. 700 దాటకముందే అయిపోయింది. అమ్మినవాళ్లని అడిగితే, "డబ్బాతో వచ్చేది తక్కువ పొడి ఉండే స్టార్టర్ టోనరండీ, 1500 వచ్చేది విడిగా కొనాలి" అన్నారు. అందుకే లోపల వచ్చేది ఎన్ని పేజీలదో బిల్లు వేయకముందే అడగండి. ఆ లెక్క కూడా పేజీలో సుమారు 5 శాతం మాత్రమే నలుపు ఉంటుందనుకుని వేసింది. ఫోటో, క్యూఆర్ కోడ్ ఉన్న ఆధార్ కాపీలు తీస్తే అన్ని రావు. కొన్ని లేజర్లలో డ్రమ్ము (పొడిని కాగితం మీదకి చేర్చే గొట్టం లాంటి భాగం), టోనరు వేరువేరుగా ఉంటాయి. డ్రమ్ము ధర కూడా కనుక్కోండి.

డీపీఐ అంటే అంగుళానికి ఎన్ని చుక్కలని. అక్షరాలకి 600 చాలు. డ్రాఫ్ట్ మోడ్‌లో, అంటే ఇంకు పొదుపు చేస్తూ పలచగా, తీసిన తెలుగు పేజీని కళ్ల దగ్గర పెట్టుకుని చూడండి, చిన్న సైజులో ఒత్తులు అలుక్కుపోయి కనిపిస్తాయి. 600లో విడివిడిగా తేలతాయి. 4800 అని పెద్ద అంకె వేసినా పాఠాల ప్రింటుకి తేడా తెలియదు, ఫోటోలకైతే కాగితం మంచిదుండాలి.

పీపీఎమ్ నిమిషానికి ఎన్ని పేజీలని. ఇంట్లో తీసేది ఒకటీ రెండూ కాబట్టి మొదటి పేజీ ఎంతసేపట్లో బయటికొస్తుందో అడగడం మేలు. డ్యూటీ సైకిల్ నెలకి యంత్రం ఓర్చుకోగల గరిష్ఠ పేజీల సంఖ్య. మీకు దానితో పని లేదు.

డ్యూప్లెక్స్ అంటే కాగితానికి రెండువైపులా ప్రింటు. దాని దగ్గర మాత్రం మోసపోవద్దు. 'మాన్యువల్ డ్యూప్లెక్స్' అంటే ఒకవైపు అయ్యాక మీరే కాగితాలు తిప్పి పెట్టాలి. ఒకసారి ఒక డిగ్రీ అమ్మాయి 40 పేజీల ప్రాజెక్టు అలాగే తీశాను. కట్ట తిప్పడంలో పొరపాటైంది, వెనకవైపంతా తలకిందులుగా వచ్చింది. పాపం, మర్నాడే సబ్మిషన్. కొత్త కాగితాల మీద మొదటినుంచీ తీసిచ్చాను. పిల్లల ప్రాజెక్టులుంటే కాగితాన్ని తనే తిప్పుకునే 'ఆటో డ్యూప్లెక్స్' ఉన్నదే తీసుకోండి. అది ప్రింటుకి మాత్రమే. స్కానింగ్ కూడా రెండువైపులా దానంతటదే చేస్తుందనుకోకండి.

రంగుల బొమ్మలు, చార్టులు వారంవారం తీసేట్టయితే ఇంకు ట్యాంకుది కొనండి, సీసాతో నింపుకోవచ్చు, పేజీ ఖర్చు తక్కువ. ఎక్కువగా నలుపే, అదీ నెలకోసారైతే మోనో లేజర్ కొనండి, టోనర్ పొడి కాబట్టి ఎండిపోదు. లేజర్‌ని ఇంటి ఇన్వర్టర్ మీద మాత్రం పెట్టకండి. పొడిని కాగితానికి అంటించడానికి లోపల వేడెక్కే ఫ్యూజర్ ఒక్కసారిగా చాలా కరెంటు లాగుతుంది. మా ఇంట్లో అలా పెట్టిన మొదటి రోజే ఇన్వర్టర్ ట్రిప్ అయింది.